చెప్పు జారినా తెలియని పాదాలు

మధుమేహం నరాలను దెబ్బతీశాక అరికాలికి ముల్లూ తెలియదు, మంటా తెలియదు. నొప్పి చేయాల్సిన కాపలా పని కళ్ల మీద, చేతుల మీద, ఇంట్లోవాళ్ల మీద పడుతుంది. ఆసుపత్రిలో కాలు తీసేస్తే ఖర్చు భరించే పథకాలున్న దేశంలో ఆ కాలిని కాపాడే చెప్పుల గురించి ఆలోచించేవాళ్లే తక్కువ.

కూరగాయల సంచితో బజారు నుంచి నడిచొస్తున్న పెద్దమనిషి ఎడమకాలి చెప్పు జారిపోతుంది. ఆయన ఆగడు. నాలుగడుగులు వేశాక వెనకవాళ్లెవరో "పెద్దాయనా, చెప్పు వదిలేశారు" అని కేకేస్తేగానీ కిందికి చూసుకోడు. మతిమరుపు అనుకుని ఇద్దరూ నవ్వుకుంటారు. మధుమేహ పాదాలు చూసే వైద్యుడు మాత్రం నవ్వడు. నడుస్తుండగా చెప్పు జారిపోతే మీకు తెలుస్తోందా అన్నది అలాంటి క్లినిక్కుల్లో రోగిని అడిగే మామూలు ప్రశ్న. లేదనే జవాబు వస్తే, ఆ మనిషి కాళ్లకు ప్రమాదం మొదలైనట్టే లెక్క.

వైద్యులు దీన్ని పెరిఫెరల్ న్యూరోపతీ అంటారు. మెదడు, వెన్నుపాము దాటి చేతులకూ కాళ్లకూ వెళ్లే నరాలు దెబ్బతినడమే ఈ జబ్బు. మితిమీరిన మద్యం, విటమిన్ బి12 లోపం, కుష్ఠు, కిడ్నీ వైఫల్యం, కొన్ని రకాల కీమోథెరపీ, క్షయకు వాడే ఐసోనియజిడ్ మాత్ర, ఇలా కారణాలు చాలానే ఉన్నాయి. కానీ అందరికన్నా పెద్ద దోషి చక్కెర. 2023 జూన్‌లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహులున్నారు. మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో నిలబడి ఉన్నారు. మధుమేహుల్లో సగం మంది దాకా ఎప్పుడో ఒకప్పుడు ఈ నరాల జబ్బు బారిన పడతారని నిపుణుల అంచనా. అలా పడినవాళ్లలోనూ సగం మంది దాకా ఏ బాధా కనిపించదు. పుండు పడ్డాకే సంగతి బయటపడుతుంది.

ముందు మంట, తర్వాత మౌనం

నడుము నుంచి కాలి వేళ్ల కొసల దాకా వెళ్లే నరపు పోగులు శరీరంలోకెల్లా పొడవైనవి. ఒక్కోటి దాదాపు మీటరు ఉంటుంది. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి హద్దు మీరితే ఆ పోగులూ, వాటిని పోషించే సన్నని రక్తనాళాలూ పాడవుతాయి. పొడుగు నరాలే ముందు దెబ్బతింటాయి. అందుకే జబ్బు రెండు పాదాల వేళ్లలో మొదలై, మేజోళ్లు తొడిగినట్టు పైకి పాకుతుంది. మోకాళ్ల దాకా వచ్చేసరికి చేతివేళ్ల కొసలు కూడా మొద్దుబారడం మొదలవుతుంది.

రోగులు దీన్ని వర్ణించే తీరు ఊరికో రకంగా ఉంటుంది. తిమ్మిర్లంటారు కొందరు. చీమలు పాకుతున్నట్టుందంటారు మరికొందరు. దూది మీద నడుస్తున్నట్టు, అరికాలికి అట్ట అంటించినట్టు అనిపిస్తుందనేవారూ ఉన్నారు. చాలామందిని వేధించేది మంట. పగలు పనిలో పడి మరచిపోయిన మంట రాత్రి పడుకోగానే రాజుకుంటుంది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేరు. తడి తువ్వాలు చుట్టుకునేవాళ్లు, అర్ధరాత్రి లేచి చన్నీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. విచిత్రమేమిటంటే మండుతున్న ఆ పాదమే గుండుసూది గుచ్చినా గుర్తుపట్టదు. మంట పుట్టేది చర్మం మీద కాదు, దెబ్బతిన్న నరంలో.

కొన్నేళ్లకు మంట దానంతటదే తగ్గుతుంది. మందు పనిచేసిందనీ, కాళ్లు బాగుపడ్డాయనీ ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. చాలా సందర్భాల్లో అసలు ప్రమాదం మొదలయ్యేది అప్పుడే. కేక పెట్టే నరం నయమై ఊరుకుందో, చచ్చి ఊరుకుందో పరీక్ష చేస్తేగానీ తేలదు.

రోజంతా కాపలా

మొద్దుబారిన పాదాలతో బతకడమంటే, మిగతావాళ్ల శరీరం వాళ్లకు తెలియకుండానే చేసిపెట్టే పనులన్నీ ఒక్కొక్కటిగా తెలిసి చేయడం. పొద్దున లేవగానే కాళ్లు నేల మీద పెట్టేముందు చూపు పెట్టాలి. చెప్పుల్ని దులిపి, లోపల చేత్తో తడిమి వేసుకోవాలి. గులకరాయో, మనవడి ఆటబొమ్మ ముక్కో, బయటికి పొడుచుకొచ్చిన మేకో ఉంటే దాన్ని కనిపెట్టాల్సింది చెయ్యే. ఆ రాయి మీదే సాయంత్రం దాకా నడిచి, ఇంటికొచ్చి చెప్పు విప్పాక రక్తం చూసినవాళ్ల కథలు ప్రతి పాదాల క్లినిక్‌లోనూ వినిపిస్తాయి.

స్నానాల గదిలో మరో పరీక్ష. మొహానికి సబ్బు పెట్టుకుని కళ్లు మూసుకోగానే తూలిపోవడం ఈ జబ్బుకున్న పాత గుర్తుల్లో ఒకటి. పాదం నేలను గుర్తించలేనప్పుడు ఒంటిని నిలబెట్టేది చూపే. కళ్లు మూస్తే ఆ ఆధారం పోతుంది. అందుకే గోడ పట్టుకునో, ముక్కాలిపీట మీద కూర్చునో స్నానం చేయాలి. రాత్రి మూత్రానికి లేచినప్పుడు దీపం వేసుకోవడం బద్ధకం విడిచి చేయాల్సిన పని. ఇక నీళ్ల వేడి చూడాల్సింది కాలితో కాదు, మోచేత్తో. జబ్బు చేతివేళ్లకూ పాకి ఉంటే ఇంట్లో మరొకరు చూసి చెప్పాలి. కాళ్ల నొప్పులకని వేన్నీళ్ల తొట్టిలో పాదాలు పెట్టుకుని బొబ్బలెక్కించుకున్నవాళ్లు ఎందరో. వేడినీళ్ల సంచి, చలికాలం నెగడు, బస్సులో డ్రైవరు పక్కన ఇంజన్ మీది రేకు, బైకు సైలెన్సరు, ఇవన్నీ ఈ పాదాలకు శత్రువులే.

చెమట పట్టించే నరాలు కూడా దెబ్బతినడంతో చర్మం ఎండి, మడమలు పగులుతాయి. ఆ పగులే సూక్ష్మజీవులకు తలుపు. స్నానం తర్వాత పాదాలకు కొబ్బరినూనో, వాజిలినో రాసుకోవాలి. వేళ్ల సందుల్లో మాత్రం రాయకూడదు, అక్కడ పొడిగా తుడుచుకోవాలి. గోళ్లు గుండ్రంగా కాక తిన్నగా కత్తిరించుకోవాలి. ఆనెకాయలను బ్లేడుతో చెక్కడం, మందుల షాపులో దొరికే పట్టీలు అంటించడం పనికిరాదు. ఆడవాళ్లకు ఇంకో చిక్కుంది. పాదం వాచినప్పుడు మెట్టె వేలిని కోసేస్తున్నా తెలియదు.

కొత్త చెప్పులు కొనడం కూడా ఒక శాస్త్రమే. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట కొనాలి. మొదటి రోజుల్లో గంటా రెండు గంటలకు మించి వేసుకోకూడదు. విప్పిన ప్రతిసారీ ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడాలి. బొటనవేలి సందులో పట్టీ ఉండే హవాయి చెప్పులు ఈ కాళ్లకు సరిపడవు. మడమ వెనక పట్టీ ఉండాలి. 'బిగుతుగా ఉంటేనే తెలుస్తోంది' అని చిన్న సైజు కొనేవాళ్లున్నారు. స్పర్శ తగ్గిన పాదానికి సరైన చెప్పు వదులుగా అనిపిస్తుంది. దుకాణంలో రోగి చేసే మొదటి తప్పు ఇదే.

ఇక రాత్రి పడుకోబోయే ముందు అసలైన తనిఖీ. నేల మీద చిన్న అద్దం పెట్టుకుని అరికాలు చూసుకోవాలి. వంగలేనివాళ్లకూ, చూపు మందగించినవాళ్లకూ మరొకరు చూడాలి. మధుమేహం కళ్లను కూడా దెబ్బతీస్తుంది కాబట్టి, పాదాలకు కాపలా కాయాల్సిన కళ్లే ముందు బలహీనపడి ఉండటం అరుదేమీ కాదు. ఎలుకలు తిరిగే ఇళ్లలో నిద్రలో కాలివేళ్లు కొరికిన సంగతి తెల్లారాక పక్క మీది రక్తం చూస్తేనే తెలిసిన సందర్భాలు వైద్యుల అనుభవంలో ఉన్నాయి.

మందుల హద్దు

నొప్పికి మందులున్నాయి. డులోక్సిటిన్, ప్రెగబాలిన్, గబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి చాలామందికి మంటను తగ్గించి నిద్ర పట్టిస్తాయి. మగతా, తల తిరగడమూ వాటితో పాటే వస్తాయి. అసలే తూలిపోయే మనిషికి అది చిన్న సంగతి కాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇవేవీ పోయిన స్పర్శను వెనక్కి తేలేవు. 'నరాల బలానికి' అంటూ ఊరూరా ఎక్కించే ఇంజక్షన్లదీ అదే కథ. బి12 లోపం నిజంగా ఉంటే అవి అవసరం. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో, శాకాహారుల్లో ఆ లోపం తరచు కనిపిస్తుంది కాబట్టి రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది. లోపం లేనివాళ్లకు వాటివల్ల పెద్ద ప్రయోజనం ఉందనడానికి గట్టి ఆధారాలు లేవు.

నివారణకు ఉన్న బలమైన సాక్ష్యం 1993 నాటిది. అమెరికాలో జరిగిన డీసీసీటీ అధ్యయనంలో టైప్-1 రోగులు చక్కెరను గట్టిగా అదుపులో పెట్టుకున్నప్పుడు నరాల జబ్బు ముప్పు దాదాపు 60 శాతం తగ్గింది. మన దేశంలో అత్యధికులకు ఉండే టైప్-2లో ఆ లాభం అంత పెద్దగా కనిపించలేదు. ఏ రకమైనా అదుపు ముందే మొదలవ్వాలి.

దేవుడి ముందు చెప్పులు విప్పాలి

ఏ వైద్యుడైనా ఈ రోగికి ఇచ్చే మొదటి సలహా ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా నడవొద్దని. గుమ్మం దగ్గరే చెప్పులు విప్పే దేశంలో ఇంతకన్నా కష్టమైన సలహా లేదు. పూజగది, వంటిల్లు, పెళ్లి మండపం, సమాధి, దర్గా, గురుద్వారా, అన్నిచోట్లా పాదం ఒంటరిగానే వెళ్లాలి. వేసవి మధ్యాహ్నం గుడి చుట్టూ ప్రదక్షిణకు బయల్దేరిన భక్తులు కాళ్లు కాలి చాప దగ్గరికి పరుగెడతారు. స్పర్శలేని భక్తుడు మాత్రం నింపాదిగా నడుస్తాడు. భక్తి అనుకుంటారు చూసేవాళ్లు. మర్నాడు అరికాలి నిండా బొబ్బలుంటాయి. తిరుమల మాడవీధుల్లో చల్లదనానికి తెల్లరంగు వేస్తున్నారు, చాపలు పరుస్తున్నారు. కానీ అన్ని గుళ్లకూ ఆ ఏర్పాటు లేదు.

తెలుగునాట అయ్యప్ప దీక్ష మరీ కఠినం. నల్లబట్టలు కట్టిన స్వాములు మండలం పాటు, అంటే 41 రోజులు, చెప్పుల్లేకుండా తిరుగుతారు. ఆ తర్వాత శబరిమల కొండెక్కుతారు. ఆరోగ్యవంతుడికి అది తపస్సు. మొద్దుబారిన పాదాలవాడికి జూదం. దీక్ష మానమని చెబితే రోగి మళ్లీ క్లినిక్కు రాకపోవచ్చు. అందుకే వైద్యులు మధ్యేమార్గం వెతుకుతారు. పొద్దున్నే, నేల కాలకముందే గుడికి వెళ్లడం, మందపాటి మేజోళ్లు వేసుకోవడం, గుళ్లోంచి రాగానే పాదాలు చూసుకోవడం. తోలు కాని చెప్పులకు గురుస్వామి అనుమతి అడిగేవాళ్లూ ఉన్నారు.

పొలంలో ఈ మధ్యేమార్గం కూడా దొరకదు. వరిమడి బురదలో చెప్పు నిలవదు. తుమ్మముల్లు లోపలే విరిగినా తెలియక కూలీ పని ఆపదు. మామూలు మనిషైతే కుంటుతూ ఆ కాలికి విశ్రాంతినిస్తాడు. ఇతను కుంటడు. ప్రతి అడుగుతో పుండు లోతవుతుంది. దానికి చికిత్స ప్రధానంగా ఆ కాలి మీద భారం పడకుండా చూడటమే. వారాల తరబడి సిమెంటు కట్టుతో నడక తగ్గించాలి. రోజు కూలీ మీద బతికే ఇంట్లో ఆ మందుకు వెల ఎక్కువ. మానిన పుండ్లలో దాదాపు 40 శాతం ఏడాది తిరక్కుండా మళ్లీ వస్తాయి.

వెల్లూరు నేర్పిన పాఠం

నొప్పి లేకపోవడమే జబ్బు అని ప్రపంచానికి చెప్పింది ఈ గడ్డే. రాయలసీమ జనానికి పెద్దాసుపత్రిగా తెలిసిన వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1946లో చేరిన సర్జన్ పాల్ బ్రాండ్, తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టిన ఇంగ్లీషు మిషనరీ దంపతుల బిడ్డ. కుష్ఠు రోగుల వేళ్లు జబ్బు వల్లే రాలిపోతాయని అప్పటి నమ్మకం. తాను తిప్పలేకపోయిన తుప్పుపట్టిన తాళాన్ని ఒక కుష్ఠు కుర్రాడు అవలీలగా తిప్పేయడం బ్రాండ్ చూశారు. ఆ కుర్రాడి వేలు ఎముక దాకా తెగింది. వాడికి తెలియనే లేదు. నిద్రలో వేళ్లు మాయమవుతున్న రోగుల పక్కన కాపలా కాస్తే దొంగలు ఎలుకలని తేలింది. రోగులకు పిల్లుల్ని ఇచ్చి పంపడం చికిత్సలో భాగమైంది. కుళ్లిపోయేది మాంసం కాదు, కాపలా లేక గాయపడుతోందన్నది ఆయన తేల్చిన సత్యం.

వెల్లూరు, దాని పక్కనే ఉన్న కరిగిరి కుష్ఠు ఆసుపత్రుల్లో పాదరక్షల మీద ఏళ్లపాటు ప్రయోగాలు సాగాయి. అరికాలి ఒత్తిడిని సమంగా పంచే మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు అట్ట, అంటే ఎంసీఆర్ చెప్పు, అలా ప్రాచుర్యంలోకి వచ్చింది. 1966లో బ్రాండ్ అమెరికాలోని కార్విల్ ఆసుపత్రికి వెళ్లారు. అక్కడి మధుమేహుల పాదాల్లో ఆయనకు కనిపించింది వెల్లూరులో చూసిన పుండే. చేతులకూ పాదాలకూ సెన్సర్లు తగిలించి కృత్రిమ నొప్పిని తయారు చేయాలని కూడా ఆయన బృందం ప్రయత్నించింది. పరికరం హెచ్చరించింది. పని ఆపడం ఇష్టంలేని రోగి దాన్ని ఆపేశాడు. అసలైన నొప్పికి స్విచ్ ఉండదు. 2003లో కన్నుమూసేదాకా నొప్పిని వరమని చెబుతూనే ఉన్నారాయన.

అదే వారసత్వం ఇక్కడ చిక్కు కూడా తెచ్చింది. ఎంసీఆర్ చెప్పులంటే జనానికి కుష్ఠు గుర్తొచ్చేది. డాక్టరు రాసిచ్చినా వేసుకోవడానికి సిగ్గుపడి, అలమరలో దాచేసిన మధుమేహులు ఎందరో. రంగూ రూపూ మార్చి మామూలు శాండల్‌లా తయారు చేశాకే వాడకం కొంత పెరిగింది.

కాలు పోతేనే లెక్కలోకి

చట్టం కళ్లకు రెండు మొద్దుబారిన పాదాలు ఒకటి కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కుష్ఠు నయమైనా చేతుల్లో, పాదాల్లో స్పర్శ పోయినవారిని ప్రత్యేకంగా పేర్కొంది. జాతీయ కుష్ఠు కార్యక్రమం వాళ్లకు ఎంసీఆర్ చెప్పుల్ని ఉచితంగా ఇస్తుంది. అది న్యాయమే. కానీ అదే స్పర్శ చక్కెర వల్ల పోతే చట్టం జాబితాలో దానికి పేరు లేదు. కాలు తీసేశాక అతను కదలిక వైకల్యం ఉన్నవాడిగా లెక్కలోకి వస్తాడు.

డబ్బు విషయంలోనూ ఇంతే. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ బీమా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. ఆసుపత్రిలో చేరితేనే. వందల రూపాయల్లో దొరికే చెప్పులకూ, రెండు నిమిషాల పాద పరీక్షకూ అందులో చోటు లేదు. అమెరికా, యూరప్‌లలో పాదాల సంరక్షణకే ప్రత్యేక వైద్య నిపుణులుంటారు. మన దగ్గర ఆ వృత్తి పెద్దగా ఎదగలేదు. ముంబై సర్జన్ అరుణ్ బాల్, నాగపూర్ వైద్యుడు శరద్ పెండ్సే లాంటివారు 2004 ప్రాంతంలో 'స్టెప్ బై స్టెప్' పేరుతో డాక్టరు-నర్సు జంటలకు శిక్షణ మొదలుపెట్టారు. తమిళనాడు ప్రభుత్వం మధుమేహుల పాదాల పరీక్షకు ప్రత్యేక పథకం చేపట్టింది. ఇంత పెద్ద దేశానికి ఇవి ఏమాత్రం సరిపోవు. నొక్కితే వంగే నైలాన్ పోగు, ఒక ట్యూనింగ్ ఫోర్క్, రోగితో మేజోళ్లు విప్పించే ఓపిక. ఈ పరీక్షకు కావాల్సింది అంతే. కిక్కిరిసిన ఓపీలో చాలా తక్కువగా దొరికేది ఆ చివరిదే.

ఆరు వేళ్ల పరీక్ష

ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటుంది. 2011లో ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ వైద్యులు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. రోగి మేజోళ్లు విప్పి, కళ్లు మూసుకుని పడుకోవాలి. ఇంకొకరు రెండు పాదాల్లోనూ బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలి కొసల్ని చూపుడు వేలితో పూవును తాకినట్టు ఒకటి రెండు సెకన్లు తాకాలి. నొక్కకూడదు, గిల్లకూడదు, తెలియకపోతే రెండోసారి తాకకూడదు. తాకినప్పుడల్లా ఏ కాలో రోగి చెప్పాలి. ఆరింటిలో రెండు లేదా అంతకన్నా ఎక్కువ తాకిళ్లు తెలియలేదంటే స్పర్శ తగ్గినట్టే. వెంటనే వైద్యుడికి చూపించాలి. పాదం ఎర్రబడి, వేడెక్కి, వాచి నొప్పి లేకుండా ఉంటే పరీక్షలతో పనిలేదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. లోపల ఎముకలు విరిగి, కీళ్లు కుంగిపోతూ ఉండవచ్చు. దాన్ని బెణుకనుకుని మర్దన చేయించి పాదం ఆకారమే పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ఈ జబ్బుకు సంబంధించి ఏ రికార్డుల్లోనూ నమోదు కాని శ్రమ ఒకటుంది. రాత్రి భోజనాలయ్యాక భార్య భర్త పాదాల్ని ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందులు చూస్తుంది. కొన్ని ఇళ్లలో ఆ పని కోడలిది, కొన్నిచోట్ల టార్చిలైటు పట్టుకున్న మనవరాలిది. ఒంటరిగా ఉండే ముసలమ్మకు నేల మీది అద్దమే దిక్కు. ఈ కాపలాకు జీతం లేదు, సెలవూ లేదు. ఏమీ కనిపించని రోజే ఆ పని ఫలించిన రోజు. మర్నాడు మళ్లీ చూడాలి.